త్రికోటేశ్వరరావు పింగాణీ కడ్డీలు

త్రికోటేశ్వరరావు చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన రిటైరయింది మిల్లు నుంచే గానీ పదును నుంచి కాదు. ఆ సంగతి భార్య శేషారత్నానికి మొదటి వారంలోనే తెలిసింది. ఉల్లిపాయ కోద్దామని కత్తి తీసుకుంటే ఉల్లిపాయా తెగింది, చూపుడు వేలూ తెగింది. నొప్పి ఇంకా బయల్దేరక ముందే రక్తం వచ్చేసింది.

మిల్లులో దూదిని గింజ నుంచి వేరు చేసే మిషన్లకు బారెడు కత్తులుంటాయి. వాటి అంచులు చూడడంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఇంటికొచ్చాక చూడ్డానికి అంచున్నవి ఏమున్నాయి? కూరగాయల కత్తి, కత్తిపీట, కత్తెర. అవి మూణ్ణాళ్ళలో అయిపోయాయి. తర్వాత కొబ్బరి కోరాం. ఆ తర్వాత అట్లకాడ. వాళ్ళుండే నరసరావుపేట బరంపేటలో అట్లకాడకు పదును పెట్టిన మొగుడు తనకొక్కదానికే దక్కాడని శేషారత్నం అందరికీ చెప్పుకునేది. ఆ రోజు తిరగేసిన దోసె తిరగేసినట్టే రెండు ముక్కలై, పెనం మీద గీత కూడా పడింది మరి.

దీనికంతటికీ మూలం ఆయన ఫోనులో తెప్పించుకున్న పింగాణీ కడ్డీలు. జానెడు పొడవు, వేలంత లావు, తెల్లగా సుద్దముక్కల్లా రెండు. వాటిని ఒక చెక్క పీటలో ఏటవాలుగా గుచ్చితే ఎవరో రెండు వేళ్ళెత్తి చూపిస్తున్నట్టుండేది. కత్తిని ఒకసారి ఈ కడ్డీకి, ఒకసారి ఆ కడ్డీకి పైనుంచి కిందికి దూసేవాడు. పక్కనే కూర్చుని ఆమె కాఫీ తాగుతుంటే పాఠం చెప్పేవాడు.

“నూనె తగలకూడదే. కింద పడితే ముక్కలే. తడిగుడ్డతో తుడిస్తే చాలు. వింటన్నావా?”

“ఆఁ, వింటన్నా.”

వినేది కాదు. కాపరం నిలబడాలంటే చెవులు తెరిచి ఉంచాలి గానీ లోపలికి రానివ్వకూడదని ఆమె లెక్క.

ఇంట్లో అంచులు అయిపోయాక ఆయన కన్ను వీధి చివరి వసీం మటన్ కొట్టు మీద పడింది. వసీం కత్తిని ఇనప కడ్డీకి రాచుకునేవాడు. ఆ చప్పుడు వింటే త్రికోటేశ్వరరావుకు పళ్ళు పులిసేవి.

“ఒరేయ్ వసీం, అది పదును పెట్టడమంటావా? కత్తి గొంతు పిసుకుతున్నావురా. ఒక్కసారి నా చేతికియ్యి.”

“నువ్వు పక్కకు జరుగు బాబాయ్, గిరాకీ చూసుకోనీ. ఆ సుద్దముక్కలతో పలకల మీద రాసుకో పో.”

ఏడాది పాటు ఇదే వరస. చివరికి దసరా ముందు వసీమే విసిగిపోయి పందెం పెట్టాడు. పండగ తర్వాత ఆదివారం కొట్లో రెండు కత్తులుంటాయి. ఒకటి వసీం ఇనప కడ్డీ మీద నూరింది, ఒకటి బాబాయ్ పింగాణీ మీద నూరింది. ఎవరి కత్తి ముందు మొరాయిస్తే వాళ్ళు ఓడినట్టు. బాబాయ్ గెలిస్తే కొట్టు కత్తులన్నీ ఆయనవే, రోజూ పొద్దున వచ్చి కూర్చుని నూరుకోవచ్చు. ఓడితే మళ్ళీ కొట్టు గుమ్మం తొక్కకూడదు.

ఈ పందెం ఎవరికి ముఖ్యమంటే, త్రికోటేశ్వరరావు కన్నా శేషారత్నానికే ముఖ్యం. ఆయన గెలిస్తే పొద్దున్నే వెళ్ళి కొట్లో కూర్చుంటాడు. ఓడితే తన వంటింట్లోనే ఉంటాడు, ఆ కడ్డీలతో సహా, ఇద్దరిలో ఒకరు పోయేదాకా. ఆ ఊహ రాగానే ఆమె ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

ఆ మొక్కుకోవడంలోనే కొంప మునిగింది.

ఆయుధ పూజ నాడు త్రికోటేశ్వరరావు పాత మిల్లులో పూజకని చిలకలూరిపేట బస్సెక్కాడు. ఆమె ఇంట్లో స్కూటరుకూ, మిక్సీకీ, కుట్టుమిషనుకూ పసుపు రాసి బొట్లు పెట్టింది. అప్పుడు పింగాణీ కడ్డీలు కనిపించాయి. ఈ ఏడు ఈ ఇంట్లో అసలైన ఆయుధాలంటే ఇవే గదా అనుకుంది. నువ్వుల నూనెలో పసుపు కలిపి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత ప్రేమగా రెండింటికీ పట్టించింది. కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి, “తల్లీ, ఈయన్ని ఎట్టాగైనా కొట్టుకు పంపించు” అని దణ్ణం పెట్టింది.

పులిహోరలోకి నిమ్మకాయ కోయబోతూ, ఊరికే సరదాకి కత్తిని కడ్డీ మీద ఒకసారి దూసింది. చప్పుడు లేదు. వెన్నలో జారినట్టు జారింది. ఇంకోసారి దూసినా అంతే. అప్పుడు, ఇన్నాళ్ళూ చెవి గుమ్మంలో నిలబడిపోయిన మాట ఒకటి లోపలికొచ్చింది: నూనె తగలకూడదే.

సరిగ్గా అప్పుడే వసీం భార్య షబ్నం ఏటా వచ్చినట్టే పులిహోర కోసం గిన్నె తీసుకుని వచ్చింది.

“ఏంది పిన్నీ, అట్టా కూలబడ్డావు?”

శేషారత్నం కడ్డీలు చూపించింది. షబ్నం నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకానుకుంది.

“నవ్వు, నవ్వు. మీ ఆయనే గెలుస్తాడుగా, నీకేం.”

“ఆయన గెలిస్తే నాకేమొస్తది? ఆ మొండి కత్తులతో కొట్టి కొట్టి పొద్దుగూకేసరికి భుజం పట్టుకుని వస్తాడు. బామ్ రాయలేక నా చేతులు పడిపోతన్నయ్. బాబాయే గెలవాలి. లే, వేణ్ణీళ్ళు పెట్టు.”

ఇద్దరూ మేడెక్కారు. వేణ్ణీళ్ళలో ముంచి, సబ్బు పెట్టి రుద్దారు. నూనె వదలడం సంగతి తర్వాత, పసుపు పచ్చగా ఉన్న కడ్డీలు చూస్తుండగానే ఎర్రగా తిరిగాయి.

“అయ్యో అయ్యో, పారాణి పెట్టినట్టయిందే!” అంది శేషారత్నం.

“నలుగు పెట్టావు, పారాణి పెట్టావు. ఇంక తాళి కట్టించెయ్ పిన్నీ.”

పసుపుకు సున్నం తగిలినా సబ్బు తగిలినా ఎరుపు తిరుగుతుందని ఇద్దరికీ తెలుసు. తెలిసీ చేతిలో ఉన్నది సబ్బని గుర్తు రాలేదు. నిమ్మచెక్కతో రుద్దితే ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చింది. దానికే ఇద్దరికీ పోయిన ప్రాణం వచ్చినట్టయింది. మళ్ళీ వేణ్ణీళ్ళు, ఈసారి గిన్నెలు తోమే పొడి, కొబ్బరి పీచు. తోమగా తోమగా నూనె జిడ్డు వెనకాల బూడిదరంగు నీళ్ళు కారడం మొదలెట్టాయి.

“ఇదేంది, నేను ఈ రంగు పుయ్యలేదే.”

“ఇనుము పిన్నీ. ఇన్నాళ్ళూ నూరిన కత్తులన్నీ ఇందులోనే దిగబడ్డయ్. బాబాయ్ దీన్ని ఎప్పుడూ తోమలేదా?”

“తడిగుడ్డతో తుడిస్తే చాలంటాడుగా. ఒళ్ళు తుడుచుకోవడం కూడా అంతే ఆయన.”

పోని నల్ల చారలను షబ్నం కూతురి పుస్తకాల సంచీలో నుంచి తెచ్చిన పెన్సిలు రబ్బరుతో రుద్దారు. అవి చిత్రంగా లేచిపోయాయి. ఇక ఆరబెడదామని శేషారత్నం ఒకదాన్ని పైకెత్తిందో లేదో, సబ్బు చెయ్యి జారింది. కడ్డీ మేడ మీద దొర్లుకుంటూ నీళ్ళు పోయే తూము వైపు పోయింది. ఆ తూములో పడితే కింద సిమెంటు గచ్చే. షబ్నం బోర్లా పడి చున్నీ విసిరింది. కడ్డీ చున్నీలో చిక్కుకుని, తూము అంచున ఆగింది. ఇద్దరూ దాన్ని నాలుగు చేతులా పట్టుకుని వెనక్కి తెచ్చారు. తర్వాత ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది.

మిగిలిన పసుపు సంగతి పల్నాటి ఎండ చూసుకుంది. పసుపు గుడ్డలు ఆరేస్తే వెలిసిపోతాయే, అట్లాగే సాయంత్రానికి కడ్డీలు తెల్లబడ్డాయి. కొన్ననాడు కూడా అంత తెల్లగా లేవు.

త్రికోటేశ్వరరావు వచ్చీ రాగానే కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నిమిరాడు. దీపం దగ్గర తిప్పి చూశాడు. శేషారత్నం పప్పు తిరగమోత పెడుతూ ఆవాలకు బదులు మెంతులు వేసేసింది.

“ఏమే, వీటికీ పూజ చేశావా?”

“చేశా. చేసి తుడిచా.”

“అదే. కళ వచ్చింది” అని దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

ఆదివారం కొట్టు ముందు జనం. రెండు కత్తులూ దిమ్మ మీద పక్కపక్కన పెట్టారు. వసీం న్యాయంగానే మొదలెట్టాడు, ఒకరికి ఈ కత్తి, ఒకరికి ఆ కత్తి. కాసేపయ్యేసరికి తన కత్తిని ఇనప కడ్డీకి రాయక తప్పలేదు. ఇంకాసేపటికి మళ్ళీ రాశాడు. ఆ తర్వాత, గిరాకీ ముదిరాక, వసీం నోరు ఏమంటున్నా చెయ్యి మాత్రం బాబాయ్ కత్తి మీదికే పోతోంది.

“ఒరేయ్, నీ కత్తి అలిగి కూర్చుందిరా, దాన్ని కూడా పలకరించు” అని వెనక నుంచెవరో అరిచారు.

వసీం నవ్వేసి కత్తులన్నీ త్రికోటేశ్వరరావు ముందుకు తోశాడు. “కానీ బాబాయ్. ఏం మందు పెట్టావో గానీ.”

“మందేంది రా. మా రత్నం చేతి పసుపు. పూజ మహిమ” అన్నాడాయన అందరూ వినేటట్టు. కొట్టు వెనక షబ్నం దగ్గడం మొదలుపెట్టి, చాలాసేపు ఆపలేకపోయింది.

అంతటితో పోలేదు. వచ్చే అమావాస్యకు ఆయనే పసుపు గిన్నె పట్టుకొచ్చాడు. ఆ పై అమావాస్యకూ అంతే. బతికినన్నాళ్ళూ ఆయన కడ్డీలకు నెలనెలా పూజ చేయించాడు, ఆమె నెలనెలా ఆయన స్నానానికి పోగానే మేడెక్కి తోమింది. కత్తుల పదునుకూ ఆ తోమడానికీ ఉన్న సంబంధం ఆయనకు చివరిదాకా తెలిసిందో లేదో ఆమె అడగలేదు.

అయితేనేం, శేషారత్నం కోరుకున్నది దొరికింది. పొద్దున్నే ఆయన పీట చంకన పెట్టుకుని కొట్టుకు పోయేవాడు. మొదటి రోజు ఆమె కాళ్ళు చాపుకుని కాఫీ తాగింది. రెండో రోజు పక్కింటి నాగేంద్రమ్మను పిలిచి కబుర్లు చెప్పింది. మూడో రోజు నాగేంద్రమ్మ ఊరెళ్ళింది. ఇంట్లో ఎవరూ ‘వింటన్నావా’ అనలేదు. కాఫీ చల్లారిపోయింది.

ఇంకొన్నాళ్ళు చూసింది. తర్వాత ఒక పొద్దున కూరగాయల కత్తి తీసుకుని, పెరట్లో బట్టలుతికే బండకేసి బరబరా నాలుగు రుద్దులు రుద్ది, కొంగులో చుట్టుకుని కొట్టుకు వెళ్ళింది.

“కత్తి తెగట్లేదయ్యా.”

త్రికోటేశ్వరరావు దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. అంచంతా గంట్లు.

“ఇది కూరగాయలు కోసి మొండిదయిన కత్తి కాదే. ఎవరో బండకేసి రుద్దారు.”

“ఎవరు రుద్దుతారు? వంకాయ ముదురుది.”

“చానా ముదురుదే.”

“చేస్తావా, ఇంకో కొట్టు చూసుకోనా?”

ఆయన కడ్డీలను తడిగుడ్డతో తుడిచాడు. “కూర్చో. నూనె చెయ్యి తగిలించమాకు, ఎన్నిసార్లు చెప్పా నీకు. కత్తి మడమ కాడ మొదలెట్టి ములుకు దాకా లాగాలి. వింటన్నావా?”

“ఆఁ.”

ఆ రోజు ఆ ఒక్క కత్తికీ ఆయన తీసుకున్న సమయంలో వసీం కొట్టు కత్తులన్నీ రెండుసార్లు నూరి ఉండవచ్చు. శేషారత్నం తొందరపెట్టలేదు. మొదటిసారిగా, చెప్పేదంతా వింది.