కడియం లాకుల దగ్గర నేను ముట్టుకున్న గిన్నె

మా పినతల్లి కూతురు ద్రాక్షారామానికి అవతల ఒక పల్లెలో ఉంటుంది. భర్త అక్కడి బడి పంతులు. ఆ ఊరి తల్లులకు అక్షరాలూ ప్రార్థనా నేర్పడానికి మూడు వారాలు వచ్చి ఉండమని మొన్న మాఘంలో నాకు కబురు పంపింది. యాభై ఏళ్ళ వయసులో ఒంటరిగా పడవ ప్రయాణమా అని మా సంఘంలో కొందరు వెనకాడారు గాని, ప్రభువు పని కదా అని బయలుదేరాను. సువార్త పని మీద ఆ కాలువ దారిన వెళ్ళాలనుకునే అక్కచెల్లెళ్ళు వివరాలు అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ధవళేశ్వరంలో పడవలు పొద్దు పొడవకముందే కదులుతాయి. చీకటితోనే రేవుకు చేరుకుంటే చాప కప్పు కింద చోటు దొరుకుతుంది, ఆలస్యమైతే బియ్యం బస్తాల మీద ఎండలో కూర్చోవాలి. నా దగ్గర మూడణాలు తీసుకున్నారు, మూటకు వేరే అడగలేదు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగుతారు. కుదుపు ఉండదు, చదువుకోవచ్చు, కుట్టుకోవచ్చు. ఆ రోజు ప్రయాణికులం తొమ్మిది మందిమి ఉన్నాం. తెల్లవారాక నేను చిన్నగా ఒక కీర్తన పాడి, మనమందరం పాపులమే, మనకోసమే ప్రభువు వచ్చాడని నాలుగు మాటలు చెప్పాను. ఎవరూ కసురుకోలేదు. తమలపాకుల గంపలతో ఉన్న ఒక వర్తకుడు మాత్రం, పొద్దున్నే బోణీ పాపంతో చేయించావేంటమ్మా అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వి ఊరుకున్నాను.

నాకు ఎదురుగా కోమట్ల ఇంటి పెద్దావిడ ఒకరు, ఆమె తమ్ముడు కూర్చున్నారు. భీమేశ్వరస్వామి దర్శనానికి వెళుతున్నారు. ఆమెకు భర్త పోయి చాలా ఏళ్ళయిందట. మడి కట్టుకుని తానే వండుకున్న అన్నం ఒక్క పూట తింటారు. ముందురోజు బండి ప్రయాణంలో అదీ కుదరక పాలతోనే సరిపెట్టుకున్నారని తమ్ముడు చెప్పాడు.

కడియం లాకుల దగ్గరికి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. అక్కడ పడవలు వరసగా ఆగుతాయి. వంతు వచ్చినప్పుడు లస్కర్లు, అంటే లాకుల పనివాళ్ళు, తలుపులు తీస్తారు, లోపల నీటిమట్టం దించి పడవను దిగువకు వదులుతారు. ఆ వ్యవధిలోనే అందరూ గట్టు మీద మూడేసి రాళ్ళు పెట్టుకుని వండుకుంటారు. పెద్దావిడ స్నానం చేసి, తడిబట్టతోనే ఇత్తడి గిన్నెలో ఎసరు పెట్టారు. నేను పక్కనే నా పొయ్యి రాజేసుకున్నాను. అన్నం ఉడికే వేళకు ఆమె పుల్లల కోసం అటు తిరిగారు. ఇంతలో ఒక రాయి జారి గిన్నె ఒరిగింది. ఆలోచించే లోపే నా చెయ్యి వెళ్ళింది. గిన్నె నిలిచింది, ఆమె అన్నం పోయింది.

ఈ సీమలో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియక కాదు. రోజూ వంట చేసే చెయ్యి, ఆగలేదు. తమ్ముడు మండిపడ్డాడు. ముసలి ప్రాణం రెండో రోజూ పస్తు ఉండాలా అన్నాడు. పెద్దావిడ అతన్ని వారించారు. "పోనీలేరా. ఇవాళ కూడా ఏకాదశి అనుకుంటా" అన్నారు. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మళ్ళీ స్నానం చేసి వండుకోవడానికి వ్యవధి ఉందా అని పడవ నడిపే సరంగును అడిగాను.

"మన వంతు వచ్చేసిందండి. ఇప్పుడు వదులుకుంటే వెనకున్న నాలుగు పడవలూ దాటాకే మనం. అందరూ సరేనంటే నాకేం అడ్డం లేదు, మీరే అడుక్కోండి" అన్నాడు.

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, తప్పు నాది, ఆమె ఆకలితో ఉన్నారు, కాస్త ఆగండి అని వేడుకున్నాను. ఐదుగురు ఒప్పుకున్నారు. మిగిలింది తమలపాకుల వర్తకుడే. ఆలస్యమైతే ఆకు వాడిపోతుంది, అతని కష్టం అతనిది.

"పొద్దున మా పాపాలు చెప్పావు, ఇప్పుడు నీది చెప్పుకోడానికొచ్చావా?" అన్నాడు.

"అవునండి" అన్నాను.

అతను చెంబు తీసుకుని కాలువలోకి దిగాడు. గంపల మీద గోనెలు తడుపుకుంటూ, ఆగమని సరంగుకు చేత్తో సైగ చేశాడు.

ఈసారి నేను దూరంగా వెళ్ళి కూర్చున్నాను. తమ్ముడు గిన్నెను బూడిదతో తోమాడు, ఆమె మళ్ళీ మునిగి వండుకున్నారు. ఆమె తిన్నాకే నేను తిన్నాను. నాలుగు పడవలూ వెళ్ళాక మేము లాకులు దాటేసరికి ఎండ వాలింది.

కాసేపటికి ఆమే పలకరించారు. "ఏమ్మాయ్, మీ పుస్తకంలో కథలుంటాయటగా. ఒకటి చెప్పు." దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి గురించీ, తనవాళ్ళు చూసి తప్పుకుపోతే, అంటరానివాడిగా చూసే పరాయివాడు వచ్చి కట్టుకట్టి మోసుకుపోవడం గురించీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు.

"తెలివొచ్చాక ఆ పడ్డవాడు ఏమన్నాడు? నన్నెందుకు ముట్టుకున్నావనలేదూ?"

"అది రాయలేదండి అమ్మగారూ."

"అనే ఉంటాడు" అన్నారామె. "అన్నా ఆ పరాయివాడు వదిలేసి పోయుండడు."

దీపాలు పెట్టిన చాలాసేపటికి ద్రాక్షారామం రేవులో దిగాం. ఆమె గుడివైపు, నేను మా చెల్లెలి ఊరివైపు వెళ్ళిపోయాం. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలని తొందరా లేదు. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన కథే అది. పడి ఉన్నవాడికీ మాట ఉంటుందని, ఆ మాట సహించడం కూడా ప్రేమేనని ఆవిడ అడిగేదాకా నాకు తోచలేదు. ఇప్పుడు తల్లులకు ఆ కథ చెప్పాక నేను ఆగి, వాళ్ళేం అడుగుతారో వింటున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. లాకుల దగ్గర మడివంట చేసుకునేవాళ్ళు ఎక్కడున్నారో ముందు చూసుకుని, ఇరవై అడుగుల అవతల మీ పొయ్యి పెట్టుకోండి. పడవ ఆపాల్సిన అవసరం పడితే, లస్కర్లు తలుపులు తియ్యకముందే సరంగుకు చెప్పండి. తీశాక ఎవరి చేతుల్లోనూ ఉండదు.