రాని అవార్డుకు దూద్‌పేడాలు

ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో కామారెడ్డిలో నన్ను పలకరించే గొంతు ఒక్కటే ఉండేది. అది రైల్వే స్టేషన్ మైకులోది. ఆవిడ "దయచేసి వినండి" అనగానే నోటి దాకా వచ్చిన ముద్ద ఆపి మరీ వినేవాణ్ని. నాతో "దయచేసి" అనేవాళ్లు ఇంకెవరున్నారు గనక! నా ఉద్యోగం ఎల్లారెడ్డిలో, ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టారుగా. గది మాత్రం కామారెడ్డిలో, స్టేషన్ వెనక తీసుకున్నాను. ఎప్పుడు పిలుపొస్తే అప్పుడు హైదరాబాద్ రైలెక్కి, పెద్ద చిత్రకారుణ్ణయిపోవచ్చని. (పిలిచేవాళ్లెవరో నాకూ తెలియదు.) మాది పాలమూరు వైపు. ఇక్కడ చుట్టమూ లేడు, పక్కమూ లేడు. బడిలో నా చేత సైన్సు ప్రదర్శనలకు మనిషి గుండె బొమ్మలు వేయించేవారు. నాలుగు గదుల గుండెను వేసీ వేసీ చెయ్యి తిరిగిపోయింది. నా గుండెలో మాత్రం నాలుగూ ఖాళీయే.

ఇంటి ఓనరు ఒక అవ్వ. వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. పొద్దున "పోతున్నవా బిడ్డా" అనేది, సాయంత్రం "అచ్చినవా బిడ్డా" అనేది. ఆ రెండు ప్రశ్నల మధ్య నాతో మాట్లాడిన మనుషులు బస్సు కండక్టరు తప్ప పెద్దగా ఉండేవారు కాదు. ఆయన మాట కూడా "చిల్లర ఉన్నదా" అనే.

అలాంటి ఒక ఉదయం, ఎల్లారెడ్డి బస్సులో ఉండగా ఫోన్ మోగింది. కళలకు సాయం చేసే ఒక ట్రస్టు నుంచి మెయిలు. పైన రెండు వాక్యాలే కనిపించాయి: "అభినందనలు! ఎదుగుతున్న దృశ్య కళాకారుల పురస్కారానికి మిమ్మల్ని ఎంపిక చేసుకున్నందుకు సంతోషిస్తున్నాం..." మిగతాది తెరుచుకునేలోపు బస్సు లింగంపేట ముందున్న అడవిలోకి దిగింది, సిగ్నలు పోయింది. పోతే పోయింది, చదవాల్సింది చదివేశాను కదా! కాలేజీ రోజుల నుంచీ వింటున్న ఆ అవార్డంటే శాలువా కప్పి పంపించేది కాదు. ఏడాదిపాటు పెద్ద చిత్రకారుడొకరు వెంట ఉండి దారి చూపిస్తారు, పని చేసుకోవడానికి చోటిస్తారు, చివర్లో ప్రదర్శన పెడతారు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. కండక్టరు "ఏంది సార్, స్టాపు దాటిపోయిందా?" అన్నాడు. "అవార్డొచ్చిందన్నా!" అన్నాను. మొత్తం బస్సు నా వైపు తిరిగింది. అంతమంది నా ముఖం చూడటం ఆ జిల్లాలో అదే మొదలు.

దిగగానే దూద్‌పేడాలు కొన్నాను. బస్టాండులో పంచాను, బడిలో పంచాను, దారిలో ఎదురైన హోంగార్డుకు కూడా ఒకటి పెట్టాను. పెద్ద సార్ ప్రార్థన ఆపి, పిల్లలందరి ముందు నాకు శాలువా కప్పారు. అంతకుముందు నన్ను "ఓ డ్రాయింగ్" అని పిలిచే లెక్కల సార్ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపి "తినుండ్రి సార్, మా ఇంట్ల చింతచిగురు పప్పు" అన్నాడు. సాయంత్రం అవ్వ నా బుగ్గలు పుణికి, "ఇంగ నీకు పిల్లనిస్తరు తియ్యి" అంది.

గదిలో చాప మీద కూర్చుని అప్పుడు తెరిచాను మెయిలు మొత్తం. ఎంపిక చేసుకున్నది నిజమే. అవార్డు ఇవ్వడానికి కాదు, మా ప్రాంతం నుంచి అవార్డుకు తగిన కళాకారుణ్ణి సూచించడానికి. చివరన ఒక వాక్యం: సూచించేవారు తమ పేరు తాము సూచించుకోరాదు. ఆ ఒక్కటీ లావు అక్షరాల్లో పెట్టారు, నా ముఖం ముందే చూసినట్టు. నా పేరిచ్చింది మా కాలేజీ మాస్టారట. ఫోన్ చేస్తే, "అక్కడ ఆర్టిస్టులంతా నీకు పరిచయమయ్యే ఉంటారు కదరా" అన్నారు. అయ్యే ఉంటారని ఆయన నమ్మకం. నాకు పరిచయమైనవాళ్లు అవ్వ, కండక్టరు, మైకులో ఆవిడ.

పొద్దున అవ్వకు సంగతి చెప్పాను. ఆమె ఆకు కత్తిరిస్తూ అంతా విని, "అంటే నీకు రాలే. నువ్వే ఇంకొకలకు ఇప్పియ్యాలె, గంతేనా?" అంది. గంతే అన్నాను. "అగో! పెండ్లి పిలగానివనుకుంటే, సంబంధాలు జూసేటోనివైతివా!" అని పగలబడి నవ్వింది. పెద్ద సార్ నవ్వలేదు. ఓపికగా విని, "పర్వాలేదు సార్, అయితయ్ గిట్ల. శాలువా మాత్రం తెచ్చియ్యుండ్రి, శనివారం మన అటెండరు రిటైర్మెంటున్నది" అన్నారు. లెక్కల సార్ డబ్బా యథాస్థానానికి వెళ్లిపోయింది.

ఆర్టిస్టు కోసం వెతుకుతున్నానని తెలిసి చాలామంది సాయం చేశారు. "మావోడు మంచిగ బొమ్మలేస్తడు సార్" అని తెచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంకా పలక మీద రాసే వయసు వాళ్లు. "ఎదుగుతున్న" అన్న మాటను అందరూ ఉన్నదున్నట్టుగా తీసుకున్నారు. చివరికి సూచన పత్రంలో నా వివరాల పక్కన పాస్‌పోర్టు ఫొటో కావాలంటే ఎల్లారెడ్డి బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఫొటో స్టూడియోకు వెళ్లాను. అక్కడ భర్త పెళ్లిళ్ల వీడియోలకు తిరుగుతుంటాడు, భార్య షాపులో కూర్చుంటుంది. ఊరంతా ఆమెను స్టూడియో అక్క అంటుంది.

నేను వెళ్లేసరికి కంప్యూటరు ముందు ఒక అత్తాకోడళ్లు వాదించుకుంటున్నారు. తెర మీద కోడలు, ఆమె చేతిలో చంటిపాప, పక్కన ఖాళీ. కొడుకు దుబాయిలో ఉన్నాడు, పాపను ఇంకా చూడలేదు. ఫోన్లో అతను పంపిన ఫొటోను వీళ్ల పక్కన చేర్చి ముగ్గురినీ ఒక్కచోట నిలబెట్టాలి.

"ఎంత పొడుగుంటడు?" అని అడిగింది అక్క.

కోడలు సిగ్గుపడుతూ, "నాకంటే జరంత" అంది.

"ఏంది జరంత? నా కొడుకు దర్వాజల నుంచి వంగి వస్తడు!" అంది అత్త.

అక్క ఇద్దరినీ కాదనలేదు. కోడలితో, "కండ్లు మూసుకో చెల్లే. ఆయన పక్కకు నిలబడ్డవనుకో. నీ నెత్తి ఆయనకు యాడికొస్తది?" అంది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, చేత్తో తన భుజం ముట్టుకుంది. అక్క అతన్ని అక్కడికి సరిపెట్టింది. తర్వాత వెలుగు ఎటునుంచి పడుతుందో చూసి, దుబాయి ఎండలో దిగిన మనిషికి నెమ్మదిగా ఎల్లారెడ్డి ఎండ పూసింది. అతని నీడ పాప కాళ్ల మీద పడేట్టు గీసింది. వాదన ఆగిపోయింది. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, "గంతే ఉంటడు" అంది మెల్లగా.

నేను పాస్‌పోర్టు ఫొటో సంగతి మర్చిపోయాను. వాళ్లు వెళ్లాక ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగితే, అక్క మరో రకం చూపించింది. మనుషుల్ని చేర్చకముందు తీసిన అసలు ఫొటోలు. నడుమ ఒక మనిషంత జాగా వదిలి నిలబడ్డ కుటుంబాలు. ఖాళీ జాగా భుజం మీద చెయ్యేసినట్టు చెయ్యి గాల్లో పెట్టిన ఒక తల్లి. "పని అయినంక తీసెయ్యాలె. గని పారెయ్యబుద్ధి కాలే సార్" అంది. హైదరాబాద్ గ్యాలరీల్లో నేను చూసిన గోడలన్నీ గుర్తొచ్చాయి, ఇలాంటిది ఒక్కదాని మీదా లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి నుంచి మళ్లీ చూపించమన్నాను.

అవార్డు గురించి చెబితే ఆమె ఒప్పుకోలేదు. "అవార్డంటే శాలువా కప్పి ఫొటో దిగుడే గద సార్. ఆ ఫొటోలు తీసేది మేమే" అంది. కాదక్కా, ఏడాదిపాటు తోడుంటారని చెప్పాను. ఆమె చెయ్యి మౌసు మీద ఆగింది. "తోడుంటరా? మంచిగుంటే మంచిగుందని, లేకుంటే లేదని చెప్తరా?" అని అడిగింది. చెబుతారన్నాను. "గిన్నేండ్లసంది ఎవ్వలు చెప్పలే సార్. మంచిగుందంటరు, గని వాళ్లు మనిషిని జూసి అంటరు, పనిని జూసి కాదు." అప్పుడే బండి దిగి లోపలికొచ్చిన ఆమె భర్త, "రాసెయ్యుండ్రి సార్, షాపు నేను జూసుకుంట" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారాలు నా జీవితంలో మొదటిసారి సెలవు రోజుల్లా అనిపించాయి. ఇంటింటికీ వెళ్లి, ఫొటోలు ప్రదర్శనకు పెట్టొచ్చా అని అడిగాం. ఆడవాళ్లు చాయ్ ఇచ్చి, ఆలోచించి సరేననేవారు. ఒకావిడ మాత్రం "పెట్టుండ్రి గని, నా చీర రంగు మార్చుండ్రి, అది మా ఆడిబిడ్డది" అని షరతు పెట్టింది. సాయంత్రాలు స్టూడియోలో కూర్చుని నేను సూచన పత్రం రాసేవాణ్ని. రాసేదాని కంటే మాట్లాడేది ఎక్కువ. నెలల తరబడి నోట్లో మగ్గిన మాటలన్నీ ఆ స్టూడియోలో కుమ్మరించాను. అక్క పని చేసుకుంటూ వినేది. ఓసారి నా బొమ్మలు చూపించమంది. తెస్తానన్నాను. తేలేదు. అసలు వేస్తే కదా! ఎల్లారెడ్డి వచ్చాక గుండెలు తప్ప నేనేమీ గీయలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. "సార్, నాకే వచ్చింది. అడుగుదాక చదివిన. మా ఆయనతోని ఇంకోసారి చదివిచ్చిన" అంది. బస్సులో లేచి నిలబడలేదు గానీ, లేచినంత పనయింది. వారం తిరక్కుండా ఆమె హైదరాబాద్ వెళ్లింది. భర్త షాపు చూసుకుంటానన్న మాట నిజమే గానీ, ముహూర్తాలు మొదలవగానే వీడియో కెమెరా భుజానేసుకుని పెళ్లిళ్ల వెంట పోయాడు.

ఆ ఆదివారం అలవాటుగా ఎల్లారెడ్డి బస్సెక్కాను. దిగి చూస్తే షట్టరు మూసి ఉంది. ఆ జిల్లాలో నాకున్న ఒకే ఒక్క నేస్తాన్ని, గొప్ప గొప్ప విశేషణాలు వెతికి వెతికి, నా చేతులారా ఊరు దాటించానని అప్పుడు తెలిసింది. సూచించేవాళ్ల పని గురించి ఆ మెయిల్లో అన్నీ రాశారు, ఇది మాత్రం రాయలేదు. పక్కన చాయ్ హోటల్ అన్న, "అక్క లేదు గద సార్, మరి మీరెందుకొచ్చిండ్రు?" అన్నాడు. ఊరికేనన్నాను. తిరుగు బస్సుకు ఇంకా చాలా సమయముంది. షాపు మెట్టు మీద కూర్చున్నాను. ఎంతసేపని కూర్చుంటాను! సంచీలోంచి కాగితం తీసి, ఎదురుగా వానలో బస్సు కోసం నిలబడ్డవాళ్లను గీయడం మొదలుపెట్టాను. అంత బాగా రాలేదు. అయినా చించలేదు.

ఏళ్లు గడిచాయి. అక్క పేరు చెబితే గుర్తుపట్టే ఊళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. నేను గది మార్చి ఎల్లారెడ్డిలోనే స్థిరపడ్డాను, బొమ్మలూ వేస్తున్నాను, పెద్ద చిత్రకారుణ్ణి మాత్రం కాలేదు. అప్పుడప్పుడు అటుగా వెళ్తుంటే ఆ మెట్టు మీద తడిసిన చెప్పులతో, మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. పాపం, ఎవరూ లేరు కదా, పలకరిద్దామా అనిపిస్తుంది. కానీ ఇన్నాళ్లకు వాడు తన పనిలో తాను మునిగి ఉన్నాడు. కదపడం ఎందుకులే అని, నవ్వుకుని నా దారిన నేను వెళ్లిపోతాను.