పెరుగు పడకముందే లేచిన బంతి

మీరు పెళ్ళి భోజనం చేస్తూ ఇది చదువుతున్నట్లయితే, ముందు పెరుగన్నం కానిచ్చి రండి. ఒక్క వీడియో గేమ్ పాటతో నిండు బంతిని అరిటాకుల ముందునుంచి లేపేసిన ఘనుణ్ణి నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రామచంద్రపురంలో డిగ్రీ చదువుతుండేవాణ్ణి. చదువుతున్నానన్నది మా నాన్నగారి నమ్మకం. నిజానికి టీవీకి తగిలించుకునే గేమ్‌లో ఓ కప్పని గోడలు దూకిస్తూ, ఆ ఆటలో వచ్చే సంగీతమంతా కీబోర్డు మీద పట్టేశాను. పైగా ఓ సిద్ధాంతం కూడా తయారుచేశాను: టెంపో కాళ్ళని కదిలిస్తుంది, శ్రుతి కళ్ళని తడుపుతుంది, మూడ్ బుర్రని తిప్పేస్తుంది. అల్పవిద్యకి ఆర్భాటం ఎక్కువంటారు. నా విద్యకి స్పీకర్లు కూడా ఉన్నాయి.

కొత్తపేట దగ్గర మా మావయ్యగారి అమ్మాయి పెళ్ళి. భోజనాల దగ్గర సన్నగా ఏదో ఒకటి వాయించమని నన్ను కూర్చోబెట్టారు. రాజోలు నుంచి మగపెళ్ళివారు అనుకున్నదానికి రెట్టింపు దిగారు. మొదటి బంతి సగంలో ఉండగానే రెండో బంతివారు వచ్చి కుర్చీల వెనక నిలబడిపోయారు. మావయ్య చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు.

"ఒరే అల్లుడూ, నీ జోలపాటకి జనం ఆకుల ముందే కునుకు తీస్తన్నారు. కొంచెం చురుకైంది వాయించు, బాబ్బాబు!"

"చూస్తూ ఉండండి మావయ్యా!"

ఆటలో టైము అయిపోతున్నప్పుడు కప్పని పరిగెత్తించే ముక్క అందుకున్నాను. వడ్డించేవాళ్ళు ముందు నడక పెంచారు, తరవాత పరుగందుకున్నారు. బూరెలు నమలడం మానేసి మాత్రల్లా మింగుతున్నారు జనం. సాంబారాయనైతే ఆగకుండా మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా ముగ్గు గొట్టంలా గీత గీసుకుంటూ పోయాడు. ఆ గీత పెళ్ళికొడుకు బాబాయిగారి ఒళ్ళోంచి వెళ్ళింది.

"ఏవండీ, సాంబారు ఆకులో పోస్తారాండీ, నా పంచెలో పోస్తారాండీ?" అన్నారాయన, గుబురు మీసాలు అదురుతుంటే.

"ఆగలేకపోతన్నానండీ! ఆ పాట కాళ్ళని ఈడ్చుకుపోతందండీ!"

"తగ్గించరా!" అని మావయ్య కేక. కంగారులో టెంపోతో పాటు శ్రుతీ మార్చేశాను. కప్ప ముందుకి రాక్షసుడు వచ్చేటప్పటి ఏడుపుగొట్టు మైనర్ స్కేలు అది. పిన్నిగారొకరు పప్పన్నంలోకి కన్నీళ్ళు కార్చారు. ఆవిణ్ణి చూసి పక్కావిడ, పక్కావిణ్ణి చూసి మొత్తం ఆడవాళ్ళ వరస ఏడుపు లంకించుకుంది.

"ఇప్పుడే అప్పగింతలేంటండీ? ఇంకా అన్నాలవలేదు కదండీ!" అని బాబాయిగారు తెల్లబోయారు.

"మూడ్ మార్చరా నాయనా!" అని నా వీపు మీద ఒక్కటి వేశారు మావయ్య.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. రాక్షసుణ్ణి దాటి ఆ ఆట నేనెన్నడూ ముందుకి వెళ్ళలేదు. కాబట్టి ఆ తరవాతి సంగీతంలో నాకొచ్చింది ఒక్కటే, కప్ప చచ్చిపోయినప్పటిది. వేళ్ళు వాటంతటవే అటు జారాయి.

టుయ్... టుయ్... టుయ్య్య్.

పందిరంతా నమలడం ఆపేసింది. ఏదో అయిపోయిందని అందరికీ తెలిసింది, ఏదన్నది ఎవరికీ తెలియలేదు. ఓ పెద్దాయన ఆకు మడిచేశారు. అంతే, బంతంతా లేచింది. పెరుగు బకెట్లు అప్పుడే పందిట్లో కాలుపెట్టాయి. రెండో బంతివారు మాత్రం మంచి అదను దొరికిందని కూర్చుండిపోయారు.

"బావగారూ! మా రాజోలోళ్ళని పెరుగు పడకుండా లేపేసేరండీ!" అంటూ బాబాయిగారు వ్యాన్ వైపు నడిచారు. ఆయన వెనకే మగపెళ్ళివారందరూ. మా మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను పరిగెత్తి బాబాయిగారి కాళ్ళ మీద పడ్డాను.

"నాదే తప్పండీ! అది కప్ప చచ్చిపోయినప్పటి పాటండీ!"

"నా భోజనానికి కప్ప చావు పాట వాయించేరా?"

ఎలాగో బతిమాలి, లోపలి గదిలో కొత్త ఆకు వేసి కూర్చోబెట్టాం. నేను విసనకర్రతో విసురుతూ నిలబడ్డాను, అదీ నెమ్మదిగా, విలంబకాలంలోనే. మారు పెరుగు, ఆపైన మళ్ళీ మారు పెరుగు వేయించుకుని, తృప్తిగా త్రేన్చి, ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఇంకో దెబ్బకి వీపు సిద్ధం చేసుకుని వెళ్ళాను.

"బాబూ," అన్నారు గొంతు తగ్గించి, "మా ఇంట్లో చుట్టం ఒకాయన దిగేరండీ. ఎప్పుడొచ్చేరో మేమే మర్చిపోయేం. తవరొకసారి వచ్చి, ఆయన భోంచేసేటప్పుడు ఆ కప్ప చచ్చిపోయే పాట వాయించి పెడతారాండీ?"

"ఆయ్" అని నోటిదాకా వచ్చింది గాని, మావయ్య చూపు చూసి మింగేశాను.

అందుచేత, సరస్వతీదేవి సాక్షిగా, కోనసీమ గేదెలన్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆకు ముందు మనిషి కూర్చుని ఉండగా నేను కీబోర్డు ముట్టను. నా పెళ్ళి భోజనాల్లో అసలు మైకే పెట్టనివ్వలేదు. అప్పడాలు ఎవరి టెంపోలో వాళ్ళు నమిలారు.