గోడ కోసే గుర్తు

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల పైన మేడ మీద, ఇళ్లకు ప్లాన్లు గీసే ఆఫీసు నాది. మెట్లెక్కి వచ్చినవాళ్లు ముందు నన్ను కాదు, నా వెనక గదిలోకి చూస్తారు. "సారు ల్యాడామ్మా?" అంటారు. సారు ఎవరూ లేరు, ఉన్నది నేనే. ఆ సంగతి నోటితో చెప్పి ఒప్పించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. అందుకే కూర్చోబెట్టి టీ తెప్పించి, వాళ్లు చెప్తుండగానే గీసేస్తాను. మా వైపు ప్లాను గీయించుకోవడమంటే ఇంటిల్లిపాదీ కంప్యూటర్ చుట్టూ చేరడమే. "వాకిలి రవ్వంత జరుపు" అంటే అప్పటికప్పుడు జరగాలి. జరిగిందా, ఇక సారు ఊసు ఎవరూ ఎత్తరు. ఈ ఊళ్లో నాకున్న పరువంతా నా చేతి వేగమే.

ఆ వేగాన్ని ఎవరో నన్ను మాటమాత్రం అడక్కుండా లాగేసుకున్నారు. ఒకరోజు పొద్దున కంప్యూటర్ తెరిస్తే, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ తనంతట తానే కొత్త వేషం వేసుకుని కూర్చుంది. తెర మీద నొక్కే రంగు రంగుల గుర్తులన్నీ బూడిద రంగయ్యాయి. వరసలు మారిపోయాయి. పైగా ఇక నుంచి మీ పని సులువు అంటూ స్వాగతం ఒకటి! కష్టంగా ఉందని నేను ఎవరితోనైనా మొర పెట్టుకున్నానా? నా వంటింట్లో దూరి డబ్బాలన్నీ మార్చేసి, నన్నే మెచ్చుకోమన్నట్టుంది. కిటికీకీ వాకిలికీ చోటు వదలాలంటే గీసిన గోడను కోయాలి. ఆ గోడ కోసే గుర్తు ఎక్కడుంటుందో నా కంటికంటే నా చేతికే బాగా తెలుసు. ఇప్పుడా చోట నొక్కితే గోడలకు రంగులు ఎంచుకునే పెట్టెలేవో తెరుచుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు వైపు నుంచి మొగుడూ పెళ్లాలు వచ్చారు. గొర్రెలు మేపుకుంటూ, ఇప్పుడు కొంత సేద్యం కూడా చేస్తున్న మనుషులు. కడుతున్నది మొదటి మిద్దె. ఆమెకు ఒకటే కోరిక.

"పొయ్యి కాడ నిలబడితే గొర్రెల దొడ్డి కనపడాలమ్మా."

ఎంత మంచి కోరిక! గోడలు గీశాను. పొయ్యి ఎదుటి గోడను కోసి కిటికీ పెట్టాలి. కోసే గుర్తు కనపడదే! ఇటు నొక్కితే ఇంకో గోడ లేచింది. అటు నొక్కితే ఉన్నది మాయమైంది. ఆయన చూపు తెర మీది నుంచి నా మీదికి, నా మీది నుంచి వెనక గదిలోకి పోయింది.

"బస్సు పోతాది మ్మా. సారున్నప్పుడు వస్తాంలే."

"ఉండు, ఆయమ్మ ఎతుకుతాంది గదా" అంది ఆమె. ఆయన అప్పటికే చెప్పులేసుకున్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కొంత, ఆ గుర్తును జరిపినవాళ్ల మీద ఎక్కువ. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు అదొక బొమ్మ. దాన్ని ఇటు నుంచి అటు పెడితే ప్రొద్దుటూరులో ఒక ఆడమనిషి మళ్లీ మొదటికొస్తుందని వాళ్లకేం తెలుసు? వాళ్లు మెట్లు దిగి పోయాక కూడా పళ్లు కొరుక్కుంటూ వెతికాను. వెతగ్గా వెతగ్గా, గంట సేపటికి చిన్న బాణం గుర్తు కింద నక్కి కనపడింది.

అంతలో ఫోను మోగింది. ఎదురు వీధిలో నాలాగే ప్లాన్లు గీసే అబ్బాయి. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, గోడ కోసేది యాడ దాచిపెట్నారు వీళ్లు? శానా సేపట్నించి ఎతుకుతాండా. పార్టీ ఎదురుగానే కూర్చున్యారు."

"పైన కుడి పక్క చిన్న బాణం ఉంటాది చూడప్పా. దాని కింద."

"ఏదీ, కనపడ్లేదే..."

ఫోన్లో అతని వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "దొడ్డి మాత్రం కనపడాల సార్."

ఆ వెంటనే ఆమె మొగుడి గొంతు, ఎంతో మర్యాదగా. "నిదానంగా ఎతుక్కో సార్. ఇంకో బస్సుందిలే."