అత్త వేళ్ళు పోయే దారి

మొన్న మనవరాలు కంప్యూటర్లో ఏదో రాసుకుంటూ, అవ్వా, ఇదే మీట ఈ ఫైల్లో ఒక పని చేస్తుంది, ఆ ఫైల్లో ఇంకో పని చేస్తుంది, నేనే అట్లా పెట్టుకున్నానని గొప్పగా చూపించింది. నాకు నవ్వాగలేదు. ఆ విద్య నేను ఎనభైల చివర్లోనే, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా ఊళ్ళో, కాలువ అవతలి ఒక వకీలు ఆఫీసులో, మా మేనత్త కోసం నేర్చుకున్నానంటే పిల్ల నమ్మితేనా!

మీలో టైపు నేర్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, వేళ్ళకు ఒకసారి దారి అలవాటైతే బుర్ర చెప్పినా వినవు. మా అత్త ఆ ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా ఫ్రెంచి మిషను మీద, ఫ్రాన్సు పింఛను తీసుకునేవాళ్ళ అర్జీలు కొట్టింది. ఆ మిషనులో ఇంగ్లీషు ‘ఎ’ ఉండే చోట ‘క్యూ’, ‘క్యూ’ ఉండే చోట ‘ఎ’, సెమికోలన్ ఉండే చోట ‘ఎమ్’ ఉండేవి. నేను ఊరి శివారు రెడ్డియార్‌పాళయం నుంచి బస్సెక్కి వచ్చి పక్క బల్ల మీద ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టేదాన్ని. ఆమె చెప్పబట్టే నాకా ఉద్యోగం దొరికింది. అట్లాంటి చోటికి ఇద్దరికీ కలిపి ఒక్క కంప్యూటరు తెచ్చిపెట్టారు, అదీ ఇంగ్లీషు మీటలతో. అత్త ‘మదామ్’ అని కొడితే తెర నిండా సెమికోలన్లూ క్యూలూ. నెలలోగా చేతికి రాకపోతే ఫ్రెంచి పని కూడా నాకే ఇచ్చి ఆమెను ఇంటికి పంపుతానని వకీలుగారు తేల్చి చెప్పేశారు. దారి చూపిన మనిషి కుర్చీ నాకిస్తానంటే, సిగ్గుతో ఆ పూట నాకు కారియరు విప్పబుద్ధి కాలేదు. అత్త మాత్రం, “ఏందే పాప, నా వేళ్ళు యాడికి పోతాయో ఆ మిషన్నే చూసుకోమను” అంటూ తన పెరుగన్నం నాకు సగం పెట్టింది.

ఆమె వేళాకోళానికి అన్నమాటను నేను పట్టుకుని, ప్రోగ్రాంతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకం తిరగేస్తే, మీటల పని మార్చుకోవచ్చని ఉంది. మార్చేశాను. అత్త చకచకా కొట్టేసింది. తర్వాత నేను కూర్చుని తెర చూడకుండా కొట్టి అచ్చు తీస్తే నా ఇంగ్లీషు నోటీసంతా గందరగోళం, దాన్ని చింపి గుట్టుగా సంచిలో వేసుకున్నాను. మళ్ళీ పుస్తకం ముందేసుకుని, ఫైలు పేరు చివర ఫ్రెంచికి గుర్తుగా ఎఫ్ఆర్ అని ఉంటే మీటలు అత్త మిషనులాగా, లేకుంటే మామూలుగా ఉండేట్టు రాసిపెట్టాను. పైవరసలో ఒక మీట నొక్కితే ఆమె ఉత్తరానికి చివర్లో ఫ్రెంచివాళ్ళు రాసే బారెడు మర్యాద వాక్యం, నా ఉత్తరానికి రెండే మాటల ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ పడేవి.

నెలాఖరున వకీలుగారు వెనక నిలబడితే అత్త తెర వైపైనా చూడకుండా రెండు పేజీల అర్జీ కొట్టి, చివర ఆ మీట నొక్కింది. ఆయన చదువుకుని, సరే అని వెళ్ళిపోయారు. అత్త ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీలోనే పనిచేసింది.

ఇప్పుడు అత్త లేదు, ఆ అర్జీల ముసలివాళ్ళూ లేరు. బ్యాంకులోనైనా, టికెట్ల దగ్గరైనా యంత్రం తీరుకు మన వేళ్ళే సర్దుకోవాలి తప్ప, అది మనకోసం కాస్త జరుగుతుందని ఎవరూ అనుకోరు. మొన్న మనవరాలు మాత్రం కీళ్ళనొప్పులతో వంగిన నా చూపుడువేలు చూసి, నీకు ఏ మీట దగ్గరగా కావాలవ్వా అని అడిగింది. ఆనాడు సిగ్గుతో వద్దనుకున్న అత్త కుర్చీలో ఇన్నాళ్ళకు నేను కూర్చున్నానని అప్పుడు తెలిసింది.