నలభై రెండు రోలర్లు కోసి చూశాం

ముందు పోయినవి రాస్తాను. ముగ్గురు పనివాళ్లు. రెండో లేత్ మిషన్ ఖాళీగా ఉన్న నూట యాభై ఆరు రోజులు. తిరిగొచ్చిన నలభై రెండు రోలర్లు. పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీని విదేశీ కంపెనీ కొన్న ఏడాది, దాచేపల్లిలో మా బావ వర్క్‌షాపుకి జరిగిన నష్టం ఇది.

నేను చదివింది పదో తరగతి. బావ దగ్గర కొలతలు రాయడం నా పని. సున్నపురాయిని మోసే బెల్టు కింద తిరిగే ఇనుప రోలర్లు మేం చేస్తాం. ఫ్యాక్టరీ పాతవాళ్ల రోజుల్లో రోలర్ తిరగకుండా పట్టేస్తే ఫోర్‌మన్ దాన్ని తుక్కులో పడేసి ఫోన్ చేసేవాడు. బావ మారు మాట లేకుండా కొత్తది పంపేవాడు. ఎందుకు పట్టేసిందని వాళ్లు అడగలేదు, మేమూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాం.

కొత్తవాళ్లు పాడైన ప్రతిదానికీ చీటీ కట్టి వెనక్కి పంపారు. బిగించిన తేదీ, ఆగిన తేదీ, కింద ఒక ప్రశ్న: కారణం? జవాబిచ్చేదాకా ఆర్డరు లేదన్నారు.

మా దగ్గర లేత్ పని మానేసి ఆ కంపెనీలో చేరిన టర్నర్ ఆదివారం చర్చి నుంచి వస్తూ మా షాపు దగ్గర టీకి ఆగాడు.

"అన్నా, అక్కడ రోలర్ ఆగితే ఎవర్నీ తిట్టరు. కోసి చూస్తారు."

"జీతం వాళ్లది, టీ నాది. చానా బాగుందిరా!" అన్నాడు బావ.

మర్నాడు నేను కోయడం మొదలుపెట్టాను. "ఏందిరా, చచ్చినదానికి జాతకం రాస్తున్నావా?" అని గొణిగిన బావ, నాలుగోదాన్నుంచి తనే కోశాడు.

ముప్పై ఒక్క రోలర్లలో సున్నపురాయి పొడి బేరింగులోకి దూరి, తడిసి గట్టిపడింది. ఏడింట్లో బేరింగు వంకరగా దిగింది; సుత్తితో కొట్టి ఎక్కించడం మా అలవాటు. నాలుగింటికి కారణం తెలియలేదు. పట్టికలో తెలియలేదనే రాశాను.

మూత బిగువుగా ఉండగా పొడి ఎలా దూరిందని అన్నం తింటూ వాదించుకుంటున్నాం. అక్క విసుక్కుంది.

"జాడీకి గుడ్డ కట్టకుండా వట్టి మూత పెడితే చీమ దూరదా? ఆమాత్రం తెలీదేంది మీ ఇద్దరికీ!"

బావ ఎంగిలి చేత్తోనే లేచాడు.

గ్రీజులో నానబెట్టిన ఉన్ని వలయం, దాని మీద మూత. సుత్తి పక్కన పెట్టి, బేరింగుల్ని మర తిప్పే చట్రంతో నెమ్మదిగా నొక్కి ఎక్కించాం. అలా పన్నెండు చేసి, వాటి మీద అంకెలు కొట్టి, కారణాల పట్టికతో పాటు పంపాం. అవి ఆగకుండా వానాకాలం దాటితే ఆర్డరు అన్నారు. దాటకపోతే రెండో లేత్ అమ్మెయ్యాలి.

వానలు వెళ్లాక పదకొండింటిని విప్పి పంపారు. వేలితో తోస్తే పదకొండూ తిరిగాయి. ఆర్డరు వచ్చింది.

అవే చీటీలు మా వీధిలో ఇంకో రెండు షాపులకీ వెళ్లాయి. ఒకటి మూతపడింది, రెండోది గేట్లు చేసుకుంటోంది. తేడా ఎక్కడ వచ్చిందో నా లెక్కకి ఇంకా అందలేదు.

పన్నెండోదాన్ని, ఎన్నాళ్లు తిరుగుతుందో చూద్దామని వాళ్లే ఉంచుకున్నారు. రెండేళ్లయింది. తిరుగుతూనే ఉందని టర్నర్ చెబుతాడు. దాన్ని కోసి చూస్తే గానీ నా పట్టిక పూర్తి కాదు.

మాకు ఇంకా రావలసినది: ఒకటి.