ఒతాకుల మర్యాద

కియోతాకకి యాభై దాటాయి. సకాయి ఊళ్ళో, వంటల్లో వేసుకునే సముద్రపు నాచు ఆకుని చెక్కడం అతని వృత్తి. ఎండిన ఆకుని వెనిగర్‌లో నానబెట్టి, ఒక కొస పాదంతో తొక్కిపట్టి, ఇంకో కొస చేత్తో లాగిపట్టుకుని, కత్తితో ఉల్లిపొరకన్నా పల్చగా గీరతాడు. ఎన్ని స్నానాలు చేసినా ఒంటి మీద వెనిగర్ వాసన పోదు. పెళ్ళి కాలేదు. భర్త పోయిన అక్క సుమియె అతని దగ్గర ఉంటుందో, అక్క దగ్గర అతను ఉంటాడో, ఆ సంగతి ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. వారానికి ఆరు రోజులూ ఇంతే మనిషి. ఏడో రోజు మాత్రం అతను ఒతాకు.

పాపం, పుట్టినప్పుడు ఈ జపాను మాట ఎంత మర్యాద గలదో! ‘తమరి ఇల్లు’ అని అర్థం. పక్కింటావిడని ‘తమరింట్లో అందరూ కులాసానా’ అని అడగడానికి వాడేవాళ్ళం. బొమ్మల సినిమాల పిచ్చి పట్టిన కుర్రాళ్ళు కొందరు, పేరు పెట్టి పిలుచుకునే చనువు లేక, ఒకరినొకరు ఆ మాటతోనే ‘తమరు, తమరు’ అనుకునేవారు. చూసినవాళ్ళకి నవ్వొచ్చింది, ఆ మాటే అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళందరికీ పేరైపోయింది. తర్వాత్తర్వాత నవ్వు పోయి ఈసడింపు మిగిలింది. కియోతాక కుర్రతనంలో ఒతాకు అంటే స్నానం చెయ్యనివాడని, ఆడపిల్ల ఎదురైతే తల దించుకునేవాడని అర్థం. స్నానం మాట పచ్చి అబద్ధం. తల దించుకోవడం నిజమే.

ఇప్పటి పిల్లలు మారిపోయారు. ‘నేను కోటల ఒతాకుని’, ‘నేను రైళ్ళ ఒతాకుని’ అని వాళ్ళంతట వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. మన కియోతాకకి మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ ఎవరో వెనకనుంచి వీపు మీద చరిచినట్టే ఉంటుంది. కుదరబోయిన సంబంధం ఒకటి ఆ మాట వల్లే తప్పిపోయింది మరి. ఒక్కచోట మాత్రం ఆ మాట అతన్ని బాధపెట్టదు. పక్క నగరంలోని నిప్పొంబాషి పేటలో, పాత రేడియో సామాన్లమ్మే కొట్టు కింద ఉన్న నేలమాళిగ హాల్లో.

ఆ హాల్లో మినామో పాడుతుంది. పాడుతూ ఆడుతుంది. తొమ్మిదేళ్ళ నుంచీ పాడుతున్నా పైకి రాలేదు. టీవీలో కనపడలేదు, పెద్ద హాలు ముఖం చూడలేదు. గొంతు మంచిదే, అదృష్టమే కాస్త సన్నం. అయినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ హాలు నిండేది, ఎందుకంటే హాలే చిన్నది. ఆమె పాటల్లో అక్కడక్కడ డప్పు టక్కున ఆగుతుంది. ఆ ఖాళీలో హాలంతా కలిసి ‘మినామో!’ అని అరవాలి, చేతుల్లో నారింజరంగు దీపపు కర్రలు ఊపాలి. ఎప్పుడు అరవాలో ఎప్పుడు గెంతాలో ముందుగా చెయ్యెత్తి చూపేది కియోతాక. పనిలో ఒక్క మాట గట్టిగా అనని మనిషి అక్కడ అరిస్తే పైన కొట్టులో గాజుసామాను గలగలమనేదట. ఇది కొట్టువాడి మాట, వాడి మాటల్లో సగం తీసెయ్యొచ్చు.

ఆ శీతాకాలం మినామో పాడటం మానేస్తానని చెప్పింది. సొంతూరు అరిదాలో వాళ్ళకి నారింజతోటలున్నాయి. తోటపని తనకి ఇష్టమనీ, పాటతో మనసు నిండిందనీ, ఇంటికి వెళ్తాననీ చెప్పింది. ఒతాకులందరూ ఏడ్చారు, ఏడ్చి ఆఖరి కచేరీకి ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఏడుస్తూ కూర్చుంటే పనులెలా అవుతాయి?

కచేరీ అయ్యాక ఒక్కొక్కరూ వరసలో నిలబడి ఆమెతో ఫొటో దిగడం, నాలుగు మాటలు మాట్లాడటం అక్కడి అలవాటు. ఆ వేళ కియోతాక వంతు వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గించింది.

“కియోతాక గారూ, ఆఖరి కచేరీకి మా నాన్న వస్తున్నారు.”

“అబ్బ! ఇన్నాళ్ళకా?”

“ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదండీ. ‘ఆ ఒతాకుల ముందు గెంతడానికా నిన్ను పెంచింది’ అనేవారు. ఈ ఒక్కసారికి ఒప్పుకున్నారు. నేను పాడుకున్న రోజులు వృథా కాలేదని ఆయనకి అనిపిస్తే చాలు. నాకింకేమీ వద్దు.” ఆమె కళ్ళు తడిశాయి. “ఆ రోజు మీరే కాస్త చూసుకోండి.”

“మీరు నిశ్చింతగా ఉండండి. నేను చూసుకుంటాను,” అన్నాడు కియోతాక.

ఏం చూసుకోవాలో ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. చెప్పకుండానే అర్థం చేసుకోవడం మా వాళ్ళకి పెద్ద విద్య. తప్పుగా అర్థం చేసుకోవడం కూడా ఆ విద్యలో భాగమే, అది మాత్రం ఎవరూ ఒప్పుకోరు. రైలెక్కి ఇంటికి వెళ్తూ కియోతాక దారి పొడుగునా ఆలోచించాడు. ఒతాకులంటే అసహ్యించుకునే తండ్రి వస్తున్నాడు. ఆ తండ్రికి ఒతాకు కనపడకూడదు. అంతే.

మర్నాటికి అందరికీ కబురు వెళ్ళింది. ఆ రోజు సూటు వేసుకుని రావాలి. కేకలొద్దు, గెంతులొద్దు, దీపాలు అసలే వద్దు. పాట అయ్యాక చప్పట్లు కొట్టాలి, అదీ మితంగా. మోరిబె అని ఒక రిటైరైన బస్సు డ్రైవరున్నాడు, ఆ గుంపులో అందరికన్నా పెద్దవాడు. ఆయన ఫోన్లోనే మండిపడ్డాడు.

“మితంగానా? కియోతాకా, నీకేమైనా మతిపోయిందా? ఆ పిల్లకి ఆఖరి కచేరీ అది!”

“ఆఖరిది కాబట్టే అంటున్నానండీ. మన వల్ల ఆవిడకి తలవంపులైతే జన్మంతా మనకి నిద్ర పట్టదు.”

“మోకాళ్ళ నొప్పులున్నా గెంతాను నేను! ఇప్పుడు నిలబడి చూడమంటావా?”

“ఒక్కరోజు, మోరిబె గారూ. ఒక్క రోజు పెద్దమనుషుల్లా ఉందాం.”

కచేరీనాటి ఆదివారం పొద్దున్న అతను సూటు తొడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి సుమియె అన్నం తింటున్నదల్లా ఆగింది.

“ఒరేయ్, ఎవర్రా పోయారు?”

“ఎవరూ పోలేదు. చావుకైతే నల్ల టై, పెళ్ళికే తెల్లది. తెల్ల టై కట్టాను చూడు.”

“అయితే పెళ్ళెవరికి? నీకా?” పకపకా నవ్వింది. సంగతి విన్నాక నవ్వు ఆపింది. “నా తమ్ముడు ఒతాకు అని నలుగురిలో సిగ్గుపడకుండా చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టిందిరా. ఇప్పుడు నువ్వు మానేస్తే నేనేమైపోవాలి?”

“ఒక్కరోజుకేనక్కా.”

“పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది నీ వరస. వెళ్ళు, వెళ్ళు. టై వంకరగా ఉంది.”

మినామో తండ్రి గెన్సుకె సమయానికి ముందే వచ్చాడు. ఎండకి నల్లబడ్డ పొట్టిమనిషి, మెడ దగ్గర బిగిసిన పాత కోటు, ముఖంలో దొంగల గుహలోకి దిగుతున్నవాడి జాగ్రత్త. నిలబడి చూసే ఆ హాల్లో ఆయన కోసం ఒక్క మడతకుర్చీ వేశారు. కియోతాక దాని పక్కనే నిలబడ్డాడు. వెనకంతా సూట్లు. మోరిబె సూటు బొత్తాలు పట్టక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. హాలంతా కలరా ఉండల వాసన.

వేదిక మీద దీపాలు వెలిగాయి. మినామో పరుగున వచ్చి మొదటి పాట అందుకుంది. అబ్బ, ఎంత బాగా పాడిందనీ! పాట మధ్యలోకి వచ్చింది, డప్పు టక్కున ఆగింది. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగింది.

ఎవరూ అరవలేదు. హాల్లో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది.

ఆమె చెయ్యి దించుకుని, అడుగు తప్పి, మళ్ళీ అందుకుంది. పాట అయ్యాక మితంగా చప్పట్లు పడ్డాయి. రెండో పాటలో ఆమె చెయ్యి ఎత్తలేదు. మూడో పాటకి ఆ గొంతులో ప్రాణం పోయింది. తనవాళ్ళ ముఖాలన్నీ ఎదురుగానే ఉన్నాయి, ఒక్కరూ తనవాళ్ళలా లేరు. కియోతాక అలవాటుగా లేవబోయిన చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఇదంతా ఆమె మంచికే అని పళ్ళు బిగించాడు.

గెన్సుకె కుర్చీలోంచి ఇటు వంగాడు.

“ఏమయ్యా, మా అమ్మాయి పాట అంత అధ్వాన్నంగా ఉందా?”

“అయ్యయ్యో! లేదండీ!”

“మరి ఈ చావింటి కొలువేమిటి? ఒతాకులొస్తారు, కొంప పీకి పందిరేస్తారు అన్నారు. ఎక్కడయ్యా వాళ్ళు?”

“మేమేనండీ.”

గెన్సుకె అతన్ని తెల్ల టై నుంచి బూట్ల దాకా చూశాడు. “ఎందుకయ్యా నాతో అబద్ధాలు? మీరెవరో అద్దెకొచ్చిన గుమాస్తాలు. తండ్రి వస్తున్నాడని హాలు నింపడానికి ఎవరో తోలుకొచ్చారు మిమ్మల్ని. నాకు తెలీదనుకున్నావా?” ఆయన వేదిక వైపు తిరిగాడు. “ఇన్నేళ్ళూ నా బిడ్డ ఖాళీ గోడలకే పాడిందన్నమాట. ఎవరూ లేరు దీనికి. ఇంట్లో తిట్టేవాణ్ణి నేను, ఇక్కడ వినేవాడు లేడు.”

కియోతాకకి అప్పుడు అర్థమైంది. మంచికి పోతే చెడ్డ ఎదురైందంటే ఇదే. తండ్రి ముందు ఆమెకి పరువు నిలబెడదామని వచ్చి, తొమ్మిదేళ్ళ బతుకుని తుడిచిపెట్టేశాడు. ఇంక మిగిలింది ఒక్క పాట. ఇప్పుడు అరిస్తే ఈ పెద్దాయన అసహ్యించుకోవచ్చు. అరవకపోతే, నా కూతురు ఎవరికీ అక్కరలేదని జన్మంతా అనుకుంటాడు. అసహ్యమే నయం. ఒతాకుని అసహ్యించుకుంటే పోయేదేముంది, అలవాటేగా!

ఆఖరి పాట మొదలైంది. కియోతాక కోటు విప్పి కింద పడేశాడు, టై లాగేశాడు. వెనక్కి తిరిగి, చెయ్యెత్తి, ఆ హాల్లో ఎప్పుడూ అరిచినట్టే అరిచాడు.

“ఒతాకులూ! ఎక్కడ చచ్చారు?”

“ఇక్కడే!” అని కప్పు అదిరింది. లోపలి జేబుల్లోంచి, సాక్సుల్లోంచి, ఒకరైతే గొడుగులోంచి, నారింజ దీపాలు బయటికొచ్చాయి. వద్దన్నా ప్రతివాడూ దాచుకుని తెచ్చాడు! తన మాట తాను విని దీపం ఇంట్లో వదిలేసి వచ్చిన వెర్రివాడు కియోతాక ఒక్కడే. మోరిబె కోటు బొత్తం తెగి ఎక్కడో పడింది.

డప్పు ఆగింది. “మినామో!”

వేదిక మీద ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే పెద్దగా నవ్వింది. ఆ తర్వాత పాడింది చూడండి, అదీ పాటంటే. మోరిబె మోకాళ్ళు మరిచి గెంతాడు. చేతిలో దీపం లేని కియోతాక ఉత్త చేతులే ఊపాడు, చెమటలు కారుతుంటే, వెనిగర్ వాసన కొడుతుంటే, ఎవరేమనుకుంటారన్న చింత లేకుండా.

గెన్సుకె కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముందు భయపడ్డాడు. తర్వాత చుట్టూ తిరిగి ఒక్కో ముఖమే చూశాడు. ఆ ముఖాల్లో తెలియనిదేమీ లేదు, ఏడుస్తూ నవ్వేవాళ్ళు ఎక్కడైనా ఒకలాగే ఉంటారు. ఆయన కియోతాక చొక్కా పట్టుకుని లాగాడు.

“ఎక్కడయ్యా అరవాల్సింది?”

“ఇప్పుడు కాదండీ. డప్పు ఆగాక.”

“ఆగిందిగా!”

“ఇంకా లేదండీ, అది ఊపిరి తీసుకోవడం. ఆగండి... ఆగండి...”

కియోతాక వెనక్కి తిరిగి రెండు చేతులూ కిందికి దించాడు. హాలుకి అర్థమైంది. ఈసారి సరిగ్గానే అర్థమైంది. డప్పు ఆగింది, ఎవరూ నోరు విప్పలేదు, ఆ ఖాళీ మొత్తం ఒక్కడికి వదిలేశారు.

“ఫుకుకో!” అని అరిచాడు తండ్రి.

మినామో అన్నది వేదిక మీది పేరే, ఇంట్లో పెట్టిన ఈ అసలు పేరు ఆ హాల్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోకూడదని వాళ్ళలో వాళ్ళకే కట్టుబాటు. పిలిచింది కొంచెం ఆలస్యంగా, శ్రుతి లేకుండా, తోటలో ఆ చివరినుంచి ఈ చివరికి పిలిచినట్టు. మినామో పాట మరిచిపోయి నిలబడిపోయింది. మిగిలిన చరణం హాలే పాడి ముగించింది.

వేదిక దీపాలు ఆరేసరికి, ఆ ఒక్క అరుపుకే గెన్సుకె గొంతు పోయింది. “ఈ పాట మళ్ళీ ఎప్పుడు పాడుతుంది?” అని గుసగుసగా అడిగాడు.

“ఇదే ఆఖరండీ.”

ఆ మాట ఆయనకీ తెలిసిందే, అప్పుడే తెలిసినట్టు కుర్చీలో కూలబడ్డాడు. “ఇన్నేళ్ళు! ఎంత మూర్ఖుణ్ణి! నేనిప్పుడేగదయ్యా ఒతాకునైంది!”

“ఒక్క పాటకే ఒతాకులైపోతారేమిటండీ,” అన్నాడు మోరిబె వెనకనుంచి, బొత్తం వెతుక్కుంటూ.

కియోతాక నవ్వబోయి ఏడ్చేశాడు. ముఖం తుడుచుకుని ఆ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ఆఖరు మాకండీ, మీకు కాదు. ఇక ఆవిడ మీ తోటలో పని చేసుకుంటూ పాడతారు. పాడకుండా ఉండలేరు, నాకు తెలుసు. మీరు రోజూ వింటారు. ఆ పాట వచ్చినప్పుడు ఆ ఖాళీ మాత్రం ఊరికే పోనివ్వకండి. అక్కడ ఎవరో ఒకరు అరవాలి. రెండో చరణం అయ్యాక ఆవిడ ఒకసారి ఊపిరి తీసుకుంటారు, తొందరపడకండి. ఆ తర్వాత అడుగు వెనక్కి వేస్తారు. అప్పుడు.”

“అడుగు వెనక్కి వేశాక,” అన్నాడు గెన్సుకె.

“వేస్తుండగా.”

పెద్దాయన ఇంకోసారి చెప్పమన్నాడు. కియోతాక లేచి, ఖాళీ అవుతున్న హాల్లో, అడుగు వెనక్కి వేసి చూపించాడు.